హరికేన్ వార్త: గాలి అంకె చెప్పి నీటిని మరిచిపోతే

(విలేకరులు, సబ్ ఎడిటర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

హరికేన్, టైఫూన్, తుఫాను: పేర్లు మూడైనా పుట్టుక ఒకటే. వెచ్చటి సముద్రం నుంచి లేచిన ఆవిరి పైకి వెళ్లి, నీటిబొట్లుగా మారుతూ వదిలే వేడితో నడిచే సుడి అది. అట్లాంటిక్‌లోనూ ఈశాన్య పసిఫిక్‌లోనూ దాన్ని హరికేన్ అంటారు. ఇవాళ్టి మాటలు ఎక్కువగా అట్లాంటిక్ గురించే. అక్కడి రికార్డు 1851 దాకా వెనక్కి వెళ్తుంది, వార్తల్లో అందరికన్నా ఎక్కువ నలిగేదీ అదే.

ముందు ఒక శీర్షిక సంగతి చూద్దాం. 2018 సెప్టెంబరులో ఫ్లోరెన్స్ అనే హరికేన్ సముద్రం మీద కేటగిరీ 4 దాకా ఎదిగింది. అమెరికాలోని నార్త్ కరోలినా తీరం దాటేసరికి కేటగిరీ 1కి దిగింది. "బలహీనపడిన ఫ్లోరెన్స్" అని వార్తలు వెళ్లాయి. అందులో అబద్ధం లేదు, గాలి నిజంగానే తగ్గింది. కానీ తీరం దాటాక ఆ తుఫాను మనిషి నడిచేంత వేగంతో కదిలింది. ఎలిజబెత్‌టౌన్ దగ్గర 913 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఎండ వచ్చిన తర్వాత కూడా నదులు రోజుల తరబడి పెరుగుతూనే ఉన్నాయి. "బలహీనపడింది" అన్న మాట విని ఇంట్లోనే ఉండిపోయిన మనిషికి మనం ఏం చెప్పినట్టు?

కేటగిరీ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే ఈ చిక్కు సులువుగా అర్థమవుతుంది. హెర్బర్ట్ సఫిర్ అనే ఇంజనీరు, అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ డైరెక్టరుగా పనిచేసిన రాబర్ట్ సింప్సన్ కలిసి 1970ల మొదట్లో ఈ కొలమానం తెచ్చారు. అప్పట్లో ఒక్కో కేటగిరీకి ఎదురుగా ఉప్పెన ఎత్తు, వాయుపీడనం కూడా రాసి ఉండేవి. ఉప్పెన గాలి మీద మాత్రమే ఆధారపడదు కాబట్టి 2010లో వాటిని తీసేశారు. ఇప్పుడు మిగిలింది గాలి ఒక్కటే. అదీ పది మీటర్ల ఎత్తున, ఒక నిమిషం సగటు తీస్తే తుఫాను మొత్తంలో ఎక్కడో ఒక చోట ఉన్న గరిష్ఠ వేగం. గంటకు 119 కిలోమీటర్లు దాటితే 1, 178 దాటితే 3, 209 దాటితే 4, 252 దాటితే 5. తుఫాను ఎంత వెడల్పుందో, ఎంత నెమ్మదిగా కదులుతోందో, ఎంత వాన మోస్తోందో ఆ అంకెలో లేవు. అది రోగి జ్వరం కొలిచి బీపీ, షుగరు వదిలేసినట్టు.

ఆ వదిలేసిన దాంట్లోనే ప్రాణాలు పోతున్నాయి. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో హరికేన్ల వల్ల నేరుగా చనిపోయినవారిలో పదింట తొమ్మిది మందిని చంపింది నీరు. అందులో ఉప్పెన వాటా దాదాపు సగం, వాన వరదది పాతిక శాతం పైచిలుకు. 2013 నుంచి 2022 వరకు తీసుకుంటే వరుస మారింది. వాన వరద వాటా 57 శాతానికి పెరిగి, ఉప్పెనది 11 శాతానికి పడిపోయింది. ఉప్పెనకు ప్రత్యేక హెచ్చరికలు వచ్చాయి, తీరం ఖాళీ చేయించడం మెరుగుపడింది. లోతట్టు కొండవాగుల పక్కన ఉండేవారి దగ్గరికి ఆ జాగ్రత్త ఇంకా చేరలేదు. 2024లో హెలీన్ ఫ్లోరిడాలో పెర్రీ దగ్గర కేటగిరీ 4గా తీరం దాటింది. మనుషులు ఎక్కువగా పోయింది మాత్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, నార్త్ కరోలినా పశ్చిమాన ఉన్న కొండల్లో. అప్పటికి గాలి చాలావరకు చల్లారిపోయింది.

ఉప్పెన గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే వార్తల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. తుఫాను మధ్యలో పీడనం తక్కువగా ఉంటుంది గనుక నీరు పైకి పీల్చుకుంటుంది అని రాస్తుంటాం. నిజమే గానీ ఆ లెక్కన పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీరు ఒక సెంటీమీటరు లేస్తుంది, అంతే. 2005లో కత్రినా తీరం చేరినప్పుడు పీడనం 920 మిల్లీబార్లు. మామూలు పీడనంతో తేడా 93, అంటే మీటరు కూడా కాదు. మిసిసిపీ తీరంలో నీరు లేచింది దాదాపు 28 అడుగులు, ఎనిమిదిన్నర మీటర్లు! మిగతాదంతా గాలి నెట్టుకొచ్చిన నీరే. లోతైన సముద్రంలో అలా నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి పోతుంది. లోతు తక్కువగా, అడుగు మెల్లమెల్లగా వాలే తీరంలో దానికి వెనక్కి పోయే దారి ఉండదు. తీరం వంపు, సముద్రం అడుగు, తుఫాను వెడల్పు, అది వచ్చే కోణం, ఆ గంటకు పోటా పాటా అన్నవి కలిసి ఎత్తును తేలుస్తాయి.

కత్రినా తీరం దాటింది కేటగిరీ 3గా. అదే తీరాన్ని 1969లో కొట్టిన కామిల్ కేటగిరీ 5. "కామిల్‌కే తట్టుకున్న ఇల్లు, ఇదో లెక్కా" అని ఉండిపోయినవాళ్లు ఉన్నారు. కత్రినా గాలి తక్కువైనా ఒళ్లు చాలా పెద్దది. అంతకుముందు రోజు కేటగిరీ 5గా ఉన్నప్పుడు నెట్టిన నీరు, గాలి తగ్గినంత మాత్రాన వెనక్కి మళ్లలేదు. కామిల్ ఉప్పెన కన్నా కత్రినా ఉప్పెన ఎత్తుగా, మరింత పొడవునా వచ్చింది.

ఉప్పెన అంకె రాసేటప్పుడు ఎక్కడి నుంచి కొలిచారో తప్పకుండా అడగండి. మామూలు పోటు మట్టం మీద ఎంత పెరిగింది అన్నది ఒక అంకె. ఉప్పెనా పోటూ కలిపి ఒక స్థిర మట్టం నుంచి ఎంత అన్నది ఇంకొకటి. నేల మీద ఎంత లోతు నిలుస్తుంది అన్నది మూడోది. 2012లో శాండీ వచ్చిన రాత్రి న్యూయార్క్‌లో బ్యాటరీ అనే చోటున్న కొలత కేంద్రం దగ్గర మొదటి లెక్కన 9 అడుగులు దాటింది, సగటు కనిష్ఠ పాటు మట్టం నుంచి కొలిస్తే 14 అడుగులు. రెండూ నిజాలే. పాఠకుడికి కావలసింది మూడోది, తన గుమ్మంలో ఎంత అన్నది. హరికేన్ సెంటర్ ముంపు పటాలు నేల మీద లోతునే చూపిస్తాయి, వాటినే వాడండి.

శాండీ మరో పాఠం కూడా నేర్పింది. న్యూజెర్సీ తీరం దాటే ముందే దాని లోపలి నిర్మాణం మారిపోయి, సాంకేతికంగా అది హరికేన్ కాకుండా పోయింది. నియమం ప్రకారం హరికేన్ హెచ్చరిక అక్కడితో ఆగిపోవాలి కనుక, ఆ పేరుతో హెచ్చరిక ఇవ్వకుండా మామూలు వాతావరణ కార్యాలయాలు వేరే హెచ్చరికలు ఇచ్చాయి. జనం ఆ తేడాను "తగ్గింది" అనుకునే ప్రమాదం ఏర్పడింది. 2013లో ఆ నియమం మార్చారు. నిర్మాణం మారినా ముప్పు ఉన్నంతసేపు హెచ్చరిక కొనసాగుతుంది.

ఇక అసలు ప్రశ్న. తుఫానులు ముదురుతున్నాయా? ఈ ప్రశ్నను ఇలాగే అడిగితే ఏ శాస్త్రవేత్తా సూటిగా జవాబు చెప్పలేడు. విడదీసి అడగాలి. ఎన్ని వస్తున్నాయి? ఎంత బలంగా? ఎంత త్వరగా బలపడుతున్నాయి? ఎంత వాన? ఉప్పెన ఎంత? నష్టం ఎంత? ప్రతిదానికీ వేరే జవాబు ఉంది, ఆ జవాబు మీద నమ్మకమూ వేరే.

సంఖ్యతో మొదలుపెడదాం, ఎందుకంటే శీర్షికలకు ఎక్కువగా ఎక్కేది అదే. 2020లో అట్లాంటిక్‌లో 30 తుఫానులకు పేర్లు పెట్టారు. అక్షరాల జాబితా అయిపోయి గ్రీకు అక్షరాలకు వెళ్లారు. "చరిత్రలో ఎన్నడూ లేనన్ని" అన్నాం. పేర్లు పెట్టిన లెక్కలో అది రికార్డే. మరి 1890లో, 1910లో ఎన్నింటిని చూడగలిగారు? అప్పుడు కళ్లంటే ఓడలే. ఓడ దారిలో పడని తుఫాను పుస్తకంలోకి ఎక్కలేదు. విమానంతో తుఫానులోకి వెళ్లి చూడడం 1943లో మొదలై మరుసటి ఏడాదికి క్రమం తప్పని పనైంది. ఉపగ్రహాలు 1960 తర్వాత. సముద్రం నడుమ ఒకటిన్నర రోజు బతికి చచ్చిపోయే చిన్న తుఫానుకు కూడా ఇప్పుడు పేరు దక్కుతోంది. ఓడల రాకపోకలను బట్టి పాత లెక్కను సవరించి చూసిన పరిశోధనల్లో, రెండు రోజుల కన్నా ఎక్కువ బతికిన తుఫానుల సంఖ్యలో 19వ శతాబ్దం చివరి నుంచి చెప్పుకోదగ్గ పెరుగుదల మిగల్లేదు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక కూడా మొత్తం సంఖ్య దీర్ఘకాలంలో పెరిగిందనో తగ్గిందనో చెప్పడానికి నమ్మకం చాలదంటుంది. వేడెక్కుతున్న ప్రపంచంలో మొత్తం సంఖ్య మారకపోవచ్చు, కాస్త తగ్గనూ వచ్చు అన్నదే ఎక్కువ కంప్యూటర్ నమూనాల మాట.

ఇక్కడ సబ్ ఎడిటర్లు పడిపోయే గొయ్యి ఒకటుంది: "సగటు". 2021 దాకా అట్లాంటిక్ సీజన్ సగటు అంటే 12 తుఫానులు, వాటిలో 6 హరికేన్లు, 3 పెద్ద హరికేన్లు (కేటగిరీ 3, ఆపైవి). అది 1981–2010 లెక్క. 2021లో దాన్ని 1991–2020కి మార్చారు. సగటు 14, 7, 3 అయింది. అంటే 13 తుఫానులు వచ్చిన సీజన్‌ను 2020లో సగటుకు ఎక్కువ అని, 2021లో సగటుకు తక్కువ అని రాస్తాం. సముద్రం మారలేదు, కొలబద్ద మారింది. సగటు అని రాసినచోటల్లా ఏ ముప్పై ఏళ్లదో ఒక్క ముక్క చేర్చండి.

ఇంకొకటి. 1980ల నుంచి చూస్తే అట్లాంటిక్‌లో హరికేన్లు పెరిగిన మాట నిజం. అయితే 1970, 80 దశకాలు అసలే మందకొడిగా ఉన్న కాలం. అప్పట్లో అమెరికా, ఐరోపా ఫ్యాక్టరీల పొగ ఎండను కొంత అడ్డుకుని సముద్రాన్ని చల్లగా ఉంచింది. గాలి శుభ్రపడ్డాక సముద్రం తేరుకుంది. దానికి సహజమైన ఎగుడుదిగుళ్లూ, గ్రీన్‌హౌస్ వాయువుల వేడీ కలిశాయి. లోయ అడుగు నుంచి గీత మొదలుపెడితే ఏ కొండైనా ఎత్తుగానే కనిపిస్తుంది. గ్రాఫు వేసేటప్పుడు మొదటి ఏడాదిని ఎందుకు ఎంచుకున్నామో మనకు తెలిసి ఉండాలి.

ఇదే పొరపాటు ఎదుటి దిక్కు నుంచి కూడా జరిగింది. 2005 అక్టోబరు 24న విల్మా తర్వాత 2017 ఆగస్టు 25న హార్వీ వచ్చేదాకా, అంటే దాదాపు 12 ఏళ్లు, కేటగిరీ 3 లేదా అంతకన్నా బలమైన హరికేన్ ఒక్కటీ అమెరికా తీరం దాటలేదు. "తుఫానులు ముదురుతున్నాయన్నది వట్టిదే" అనడానికి ఇది ఆధారంగా చాలా వ్యాసాలు వచ్చాయి. ఆ పన్నెండేళ్లలోనే కేటగిరీ 2గా ఐక్ వచ్చింది, హరికేన్ అన్న పేరు కూడా పోగొట్టుకున్న శాండీ వచ్చి 6 వేల కోట్ల డాలర్లకు పైగా నష్టం చేసింది. అట్లాంటిక్ అంతటితో పోలిస్తే అమెరికా తీరం సన్నటి దారం లాంటిది. దాన్ని తాకినవాటిని మాత్రమే లెక్కపెడితే అదృష్టం కూడా వాతావరణ మార్పులాగే కనిపిస్తుంది.

బలం సంగతికొస్తే జవాబు గట్టిగా ఉంటుంది. గత నాలుగు దశాబ్దాల్లో ప్రపంచమంతటా వచ్చిన తుఫానుల్లో కేటగిరీ 3 నుంచి 5 దాకా ఉన్నవాటి నిష్పత్తి పెరిగి ఉండే అవకాశం ఎక్కువని ఐపీసీసీ చెప్పింది. 1979 నుంచి 2017 దాకా ఉపగ్రహ చిత్రాలను ఒకే నాణ్యతకు దించి, ఒకే పద్ధతిలో కొలిచిన పరిశోధన 2020లో వచ్చింది. ఒక తుఫాను ఏ సమయంలోనైనా ఆ పెద్ద స్థాయిలో ఉండే సంభావ్యత పెరుగుతూ వచ్చిందని అందులో తేలింది. కొత్త కెమెరా వల్ల కొత్త రికార్డు అన్న అనుమానానికి చోటివ్వకుండా, కావాలని బొమ్మ నాణ్యత తగ్గించి చేశారు. నాకు ఆ పని మీద గౌరవం. "తుఫానులు పెరిగాయి" అని రాయకండి, "వచ్చేవాటిలో బలమైనవాటి వాటా పెరుగుతోంది" అని రాయండి. రెండు మూడు మాటలు ఎక్కువవుతాయి, అంతేగా.

త్వరగా బలపడడం మరీ కలవరపెట్టే విషయం. 24 గంటల్లో గాలి వేగం గంటకు 55 కిలోమీటర్లు పెరిగితే దాన్ని వేగంగా బలపడడం అంటారు. 2023 అక్టోబరులో మెక్సికో పసిఫిక్ తీరంలో ఒటిస్ దానికి మూడింతల వేగంతో ఎదిగింది. ముందురోజు తెల్లవారుజామున హరికేన్ కూడా కానిది, ఆ రాత్రి దాటేలోపు కేటగిరీ 5గా అకపుల్కో మీద పడింది. నమూనాలు దాన్ని పట్టుకోలేకపోయాయి. దారి అంచనా బాగా మెరుగుపడింది, 1990ల మొదట్లో మూడు రోజుల ముందు చెప్పే చోటు 350 కిలోమీటర్లకు పైగా తప్పేది, ఇప్పుడది సగానికి పైగా తగ్గింది. బలం అంచనా అంత దూరం రాలేదు. కాబట్టి సముద్రం బాగా వేడిగా ఉండి, పై గాలులకూ కింది గాలులకూ తేడా తక్కువగా ఉన్నప్పుడు "ప్రస్తుతానికి కేటగిరీ 1" అని రాసి ఊరుకోవద్దు. హరికేన్ సెంటర్ బులెటిన్‌తో పాటు వచ్చే చర్చా పత్రం చదవండి. అంచనా వేసినవారు తమ సందేహాలు రాసేది అందులోనే.

వాన గురించి వివాదం తక్కువ. ఒక డిగ్రీ వేడికి గాలి దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది. హార్వీ 2017లో టెక్సస్‌లో ఒక చోట 1,539 మిల్లీమీటర్లు కురిపించింది. వాతావరణ మార్పు ఆ వానను 15 శాతం మేర పెంచిందని లెక్క తేలింది. హార్వీ నాలుగు రోజులు అక్కడక్కడే ఎందుకు తిరిగింది అన్నది మాత్రం వేరే ప్రశ్న, దానికి అంత గట్టి జవాబు లేదు. సముద్ర మట్టం విషయంలో ఏ సందేహమూ లేదు. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. అంటే తుఫాను ఏమాత్రం మారకపోయినా ప్రతి ఉప్పెనా అంత ఎత్తున్న మెట్టు మీద నిలబడి వస్తుంది. శాండీ నష్టంలో దాదాపు 810 కోట్ల డాలర్లు మనుషుల వల్ల పెరిగిన సముద్ర మట్టానిదే అని 2021లో ఒక పరిశోధన లెక్కగట్టింది.

ఇక డబ్బు. "అత్యంత ఖరీదైన తుఫాను" అన్న శీర్షిక తుఫాను బలానికి రుజువు కాదు. 1926లో మయామీని పెద్ద హరికేన్ కొట్టినప్పుడు ఆ కౌంటీ జనాభా లక్షన్నర లోపే. ఇప్పుడు 27 లక్షలు. అదే తుఫాను ఇవాళ అదే దారిలో వస్తే నష్టం 10 వేల కోట్ల డాలర్లు దాటుతుందని లెక్కలున్నాయి. నష్టాలు పెరగడానికి పెద్ద కారణం తీరాన పెరిగిన ఇళ్లు, ఆస్తులు. దాన్ని చెప్పకుండా డాలర్ల గ్రాఫు పక్కన ఉష్ణోగ్రత గ్రాఫు పెట్టడం పాఠకుణ్ని పక్కదారి పట్టించడమే. దాన్ని చెప్పి, వాతావరణ మార్పును పూర్తిగా కొట్టిపారేయడమూ అంతే తప్పు.

ఇప్పుడు తెర మీద కనిపించే కోన్ సంగతి. ఆ గరాటు ఆకారం తుఫాను వెడల్పు అని చాలామంది అనుకుంటారు. అది తుఫాను కేంద్రం ఎక్కడికి వెళ్లవచ్చో చెప్పే పరిధి మాత్రమే. గత ఐదేళ్లలో అంచనా ఎంత తప్పిందో చూసి గీస్తారు. మూడింట రెండు సార్లు కేంద్రం అందులో ఉంటుంది, అంటే మూడోసారి బయటికి పోతుంది. గాలి, వాన, ఉప్పెన కోన్ దాటి ఎంతో దూరం వెళ్తాయి. 2022లో ఇయన్ వచ్చేటప్పుడు రోజుల తరబడి గీత టాంపా వైపు ఉంది, కెమెరాలూ అక్కడే ఉన్నాయి. చివరికి వంద కిలోమీటర్లకు పైగా దక్షిణాన కాయో కోస్టా దగ్గర తీరం దాటింది. అక్కడ సుడి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి దారికి కుడి పక్కన గాలి నీటిని ఒడ్డుకు నెడుతుంది, ఎడమ పక్కన సముద్రంలోకి తోస్తుంది. ఫోర్ట్ మయర్స్ బీచ్ ఉప్పెనలో మునిగిన రోజునే టాంపా అఖాతం ఒడ్డున నీరు వెనక్కి పోయి అడుగు బయటపడింది. మధ్య గీతను తీసేసి చూపించడం ఒక మంచి అలవాటు. పక్కనే ఉప్పెన పటం పెట్టడం ఇంకా మంచిది.

గాలిలో ఊగుతూ మాట్లాడే లైవ్ గురించి క్లుప్తంగా చెప్తాను. అది గాలిని మాత్రమే చూపించగలదు, పైగా విలేకరి నిలబడగలిగిన చోటి గాలిని. ఫ్లోరెన్స్ సమయంలో ఒక విలేకరి గాలికి ఎదురొడ్డి నిలబడలేకపోతున్నట్టు కనిపిస్తుంటే వెనకాల ఇద్దరు మామూలుగా నడిచివెళ్లిన దృశ్యం దేశమంతా చూసింది. అలాంటి ఒక్క దృశ్యం వంద సరైన హెచ్చరికల మీద నమ్మకం పోగొడుతుంది. 1961లో కార్లా అనే హరికేన్ వచ్చినప్పుడు టీవీ విలేకరి డాన్ రాదర్ చేసిన పని దీనికి మేలు. గాల్వెస్టన్‌లో రాడార్ తెర మీద తీరం పటం ఉంచి, తుఫాను ఎంత పెద్దదో లైవ్‌లో చూపించాడు. తీర పటం పక్కన ఆ సుడి పరిమాణం చూశాక జనానికి వేరే విశేషణాలు అక్కర్లేకపోయింది.

తుఫాను వెళ్లాక జరిగే తప్పులు ఇంకా లోతుగా గాయపరుస్తాయి. కత్రినా తర్వాత జనం తలదాచుకున్న న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్ స్టేడియంలో హత్యలు, అత్యాచారాలు విచ్చలవిడిగా జరుగుతున్నాయని ప్రపంచమంతా వార్తలు వెళ్లాయి. వందల శవాలు ఉంటాయనుకున్నారు. డోమ్‌లో దొరికినవి ఆరు. నలుగురివి సహజ మరణాలు, ఒకటి మత్తుమందు ఎక్కువై, ఒకటి ఆత్మహత్య. అధికారులే ఆ పుకార్లను మైకు ముందు చెప్పారు, మనం "అధికారుల కథనం ప్రకారం" అని వేసేశాం. ఫోన్లు లేని చోట అధికారికి తెలిసింది కూడా విన్నదే. "మీరు చూశారా, ఎవరు చూశారు?" అన్న రెండు ప్రశ్నలు అడగకుండా అలాంటి వాక్యం అచ్చుకు పోకూడదు. బాధితులను నేరస్తులుగా చూపిన ఆ వారం రోజుల్లో అసలు కథ వెనకబడింది. నగరంలో 80 శాతం మునగడానికి పెద్ద కారణం వరదను ఆపాల్సిన కట్టలు కూలడం. వాటిలో కొన్ని, తట్టుకోవాల్సినంత నీరు రాకముందే కూలాయి.

చావుల లెక్కను మొదటి వారంలో ముగించేయకండి. 2017లో మరియా తర్వాత ప్యూర్టోరికోలో అధికారిక సంఖ్య నెలల తరబడి 64 దగ్గరే నిలిచింది. కరెంటు లేక ఆక్సిజన్ యంత్రం ఆగినవారు, డయాలసిస్ అందనివారు అందులో లేరు. మరుసటి ఏడాది ఆగస్టులో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం మామూలుగా చనిపోయేవారి కన్నా ఎంతమంది ఎక్కువ పోయారో లెక్కగట్టాక ప్రభుత్వం 2,975 అని ఒప్పుకుంది. లెక్క తగ్గడమూ ఉంది. కత్రినాకు మనం ఏళ్ల తరబడి రాసిన 1,833ను హరికేన్ సెంటర్ 2023లో 1,392కి సవరించింది. కేటగిరీ కూడా ఇలాగే తర్వాత మారుతుంది. 1992 నాటి ఆండ్రూ పదేళ్ల తర్వాత కేటగిరీ 4 నుంచి 5కి మారింది, 2018 నాటి మైకేల్ ఆరు నెలల తర్వాత.

ప్రతి తుఫానుకూ హరికేన్ సెంటర్ తుది నివేదిక నెలల తర్వాత వస్తుంది. తీరం దాటిన రోజునే డెస్క్ క్యాలెండరులో ఆరు నెలల తర్వాతి తేదీ మీద ఆ తుఫాను పేరు రాసిపెట్టుకోండి. ఆ రోజున మీ పాత వార్తలు తీసి అంకెలు సరిచూడండి, ఆర్కైవులో ఉన్న కాపీని కూడా దిద్దండి. వచ్చే తుఫానుకు "గతంలో" అంటూ రాసే పేరా కోసం డెస్కులో అందరూ తెరిచేది ఆ కాపీనే.